గోదావరి గట్టున రాత్రి ఫోటోలు: పొద్దు, తిథి, తేమ చూసుకుని తీయడం

రాత్రి ఫోటోలు తీద్దామనుకునేవాళ్ళు చాలామంది చీకటి బాగా పడ్డాక, ఏ ఎనిమిదింటికో ఏటిగట్టుకి బయల్దేరతారు. అప్పటికే మంచి సమయం దాటిపోయి ఉంటుంది. పూర్తి చీకట్లో ఆకాశం, నీళ్ళు, అవతలి గట్టు అన్నీ ఒకే నలుపు. దీపాలేమో తెల్లటి మచ్చలు. ఆ రెండింటి మధ్య ఉన్న తేడాని ఎంత ఖరీదైన కెమెరా అయినా ఒక్క ఫ్రేములో పట్టలేదు. పొద్దుగుంకాక ఆకాశం ముదురు నీలంలోకి దిగుతూ, ఆకాశం వెలుగూ వీధి దీపాల వెలుగూ దాదాపు సమానమయ్యే ఘడియ ఒకటుంటుంది. ఊరు, నది, వంతెన కలిసొచ్చే ఫోటోలన్నీ ఆ ఘడియలోనే తీయాలి.

మన ప్రాంతంలో అది చాలా చిన్నది. ఉత్తర దేశాలవాళ్ళు చేసిన వీడియోల్లో దాన్ని గంటసేపు చూపిస్తారు. వాళ్ళ దగ్గర సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి అక్కడ అంతసేపూ ఉంటుంది. రాజమండ్రి 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఇక్కడ సూర్యుడు నిటారుగా దిగిపోతాడు. అస్తమయమైన 15వ నిమిషం నుంచి 35వ నిమిషం దాకా, అంటే ఇరవై నిమిషాలే మన చేతిలో ఉండేది. జూన్ ఆఖర్లో సూర్యాస్తమయం 6:40 ప్రాంతంలో, కార్తీకం రెండో సగంలో 5:25 ప్రాంతంలో అవుతుంది. కార్తీకంలో అయితే 5:35 కల్లా ట్రైపాడ్ నిలబెట్టి, ఫ్రేము కుదుర్చుకుని, ఫోకస్ పెట్టేసి ఉండాలి. ఆ ఇరవై నిమిషాల్లో చోటు వెతుక్కోవడం మొదలుపెడితే ఇక ఆ రోజుకి అంతే.

ఇదే వెలుగు తెల్లవారుజామున తిరగబడి వస్తుంది: సూర్యోదయానికి 35 నిమిషాల ముందు మొదలై 15 నిమిషాల ముందు ముగుస్తుంది. లేవగలిగితే అదే మేలు. సాయంత్రం సముద్రం మీది గాలి వీస్తూ నీళ్ళు చిన్న అలలతో చెదిరి ఉంటాయి. నాలుగింటి నుంచి ఆరింటి మధ్య గాలి పడిపోయి కాలవలు, చెరువులు నిశ్చలంగా ఉంటాయి, కొబ్బరాకు కూడా కదలదు. ప్రతిబింబం కావాలంటే ఆ వేళకే వెళ్ళాలి. వేసవిలో కాలవలకి నీళ్ళు ఆపేస్తారు కాబట్టి అప్పుడు ప్రతిబింబాల కోసం లాకుల దగ్గరికి వెళ్ళి లాభం లేదు. వరద రోజుల్లో గోదావరి ఎర్రగా, సుడులతో ఉంటుంది, రేవు మెట్లు మునిగి ఉంటాయి. కార్తీకం నుంచి మాఘం దాకా నది తేటగా, నెమ్మదిగా ఉండే కాలం.

తిథి చూసుకుని బయల్దేరాలి

గోడకి వేలాడే తిథుల క్యాలెండరు రాత్రి ఫోటోలకి బాగా పనికొస్తుంది. నక్షత్రాలు కావాలంటే అమావాస్యకి అటు నాలుగు రోజులు, ఇటు నాలుగు రోజులు. కొబ్బరితోట, చేలు, లంక భూములు వెన్నెల్లో కనిపించాలంటే శుద్ధ సప్తమి నుంచి దశమి దాకా: పొద్దుగుంకే వేళకే సగం చంద్రుడు బాగా ఎత్తున ఉంటాడు, అర్ధరాత్రికో ఆ తర్వాతో అస్తమిస్తాడు. చంద్రోదయం కావాలంటే పౌర్ణమి కంటే చతుర్దశి సాయంత్రం మేలు. పౌర్ణమి నాడు చంద్రుడు దాదాపు సూర్యాస్తమయం వేళకి ఉదయిస్తాడు, కాస్త ఎత్తుకి వచ్చేసరికి నేల నల్లబడిపోతుంది. ముందురోజు ఆయన సుమారు 50 నిమిషాలు ముందే వస్తాడు. కాబట్టి నేలకీ చంద్రుడికీ ఒకే ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెలుగుని రానిచ్చే మోతాదు) సరిపోయే వెలుగు ఇంకా మిగిలుంటుంది.

ఒక జాగ్రత్త. నక్షత్రాల కోసం వెళ్ళే అమావాస్య, చంద్రుడి కోసం వెళ్ళే పౌర్ణమి, ఈ రెండు రోజుల్లోనే సముద్రపు పోటు అన్నిటికంటే ఎక్కువ. అంతర్వేది, ఓడలరేవు, యానాం వైపు పాయల్లో కూడా ఆ పోటు నీళ్ళు ఎక్కుతాయి. సాయంత్రం పొడిగా ఉన్న ఇసుక తిన్నె మీద బ్యాగు పెట్టి, రెండు గంటల తర్వాత చూసుకుంటే చుట్టూ నీళ్ళుంటాయి. పోటు నుంచి పోటుకి సుమారు 12 గంటల 25 నిమిషాలు. బయల్దేరే ముందు అక్కడ చేపల వేటకి వెళ్ళేవాళ్ళని అడగండి, ఏ వేళకి పోటో, ఏ వేళకి పాటో కచ్చితంగా చెబుతారు. చీకట్లో మొదటిసారిగా ఎక్కడికీ వెళ్ళొద్దు. పగలు ఒకసారి వెళ్ళి దారి, గట్టు అంచు, బురద ఎక్కడుందో చూసుకోండి. గట్ల మీద రక్తపింజర, కట్లపాము తిరుగుతాయి. మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, గట్టి టార్చి ఉండాల్సిందే.

ట్రైపాడ్ ఎక్కడ కూరుకుపోతుంది

రాత్రి ఫోటో చెదిరిందంటే పదింట తొమ్మిదిసార్లు కారణం నేలే. డెల్టా నేల ఒండ్రు. పైకి ఎండినట్టు కనిపించినా 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో ట్రైపాడ్ కాలు ఒకటి వెంట్రుకవాసి దిగితే చాలు, దీపాలన్నీ రెండుగా పడతాయి. ఒండ్రు మీద ఒక్కో కాలి కింద ఒక కొబ్బరి డొక్క బోర్లించి, అది కదలకుండా తొక్కి, దాని మీద కాలు పెట్టండి. మూడు పాత పెంకులైనా సరే. ఇసుకలో మాత్రం డొక్కలు పనికిరావు: కాళ్ళని ఒక జానెడు లోతుకి గుచ్చి, పైనుంచి గట్టిగా నొక్కాలి. అలలు తాకేచోట నిలబెడితే వచ్చిన ప్రతి అలా కాలికింది ఇసుకని లాక్కుపోతుంది, అక్కడ ఐదు సెకన్లకి మించిన ఎక్స్‌పోజర్ మీద ఆశ పెట్టుకోకండి.

ట్రైపాడ్ మధ్య గొట్టం పైకి లేపొద్దు. గాలి ఉంటే బ్యాగుని ట్రైపాడ్ కొక్కేనికి తగిలించండి, కానీ బ్యాగు అడుగు నేలని ఆనుకుని ఉండాలి. గాల్లో వేలాడే బ్యాగు ఊగుతూ కెమెరాని కూడా ఊపుతుంది. కెమెరా పట్టీ విప్పేయండి లేదా కాలికి చుట్టేయండి. షట్టర్ వేలితో నొక్కకుండా 2 సెకన్ల టైమర్ పెట్టండి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులోని స్టెబిలైజర్ (చేతి వణుకుని సరిచేసే అమరిక) ఆపేయండి. కొన్ని లెన్సులు లేని కదలికని వెతుక్కుంటూ తామే కదిలిపోతాయి.

లెన్సు ముందు యూవీ ఫిల్టర్ ఉంటే రాత్రిపూట తీసేయాలి. వీధి దీపం వెలుగు లెన్సుకీ ఫిల్టరుకీ మధ్య ఎగిరిపడి, ఫ్రేము మధ్య బిందువుకి సరిగ్గా అవతలి వైపు, తలకిందులుగా పచ్చటి చుక్కల్లా పడుతుంది. నల్లటి నీళ్ళ మీద ఆ చుక్కలు బాగా కనిపిస్తాయి, తర్వాత తుడిచేయడం కష్టం.

మొదటి అమరిక

కెమెరాని మాన్యువల్‌లో, ఫైలుని రా ఫార్మాట్‌లో (సెన్సరు పట్టిన వివరాలన్నీ తర్వాత దిద్దుకోవడానికి దాచే ఫైలు) పెట్టండి. నీలం ఘడియలో నది, గట్టు, ఊరి దీపాలకి: ఐఎస్ఓ (వెలుగుకి సెన్సరు స్పందించే మోతాదు) 100, ఎఫ్/8 (లెన్సు లోపలి రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ 4 సెకన్లతో మొదలుపెట్టండి. ఆకాశం ప్రతి రెండు మూడు నిమిషాలకీ గణనీయంగా తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి 8 సెకన్లకి, ఆఖర్లో 15 సెకన్లకి పెంచుకుంటూ పోవాలి. ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర వీధి దీపాలు నక్షత్రాల్లా కిరణాలు విచ్చుకుంటాయి. ఆ రంధ్రం చుట్టూ ఉండే లెన్సు రేకలు సరిసంఖ్యలో ఉంటే అన్నే కిరణాలు, బేసిసంఖ్యలో ఉంటే రెట్టింపు. ఏడు రేకల లెన్సు పద్నాలుగు కిరణాలిస్తుంది. ఎఫ్/16 దాటితే మొత్తం ఫోటో మెత్తబడుతుంది, అక్కడికి పోవద్దు.

తీశాక తెర మీద చూసి బాగుందనుకోవద్దు. చీకటికి అలవాటుపడ్డ కంటికి కెమెరా తెర మహా వెలుగ్గా కనిపిస్తుంది. అది చూసి ఫోటో సరిపోయిందనుకుంటారు, ఇంటికొచ్చి చూస్తే బొగ్గులా ఉంటుంది. తెర వెలుగు బాగా తగ్గించి, హిస్టోగ్రామ్ (ఫోటోలో ఎంత చీకటి, ఎంత వెలుగు ఉందో చూపే పటం, ఎడమ చీకటి, కుడి వెలుగు) మాత్రమే నమ్మండి. కుప్ప ఎడమగోడకి అతుక్కుపోకూడదు. కుడిగోడని దీపాల బల్బులు తాకితే ఫరవాలేదు, వాటి చుట్టూ ఉన్న గోడలు, నీళ్ళు తాకకూడదు.

ఫోకస్ ఆటోలో వదిలేస్తే చీకట్లో లెన్సు ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉంటుంది. దూరంగా ఒక దీపాన్ని తెర మీద పది రెట్లు పెద్దది చేసి, ఆ చుక్క వీలైనంత చిన్నదయ్యేదాకా రింగు తిప్పండి. తర్వాత మాన్యువల్‌లోకి మార్చి, రింగు కదలకుండా పేపర్ టేపు అంటించండి. లెన్సు మీద రాసి ఉండే అనంతం గుర్తు దగ్గర ఆపేస్తే సరిపోదు, చాలా లెన్సుల్లో అసలు చోటు దానికి కాస్త ఇవతల ఉంటుంది. చలికాలం రాత్రి మూడు నాలుగు గంటలు గడిచాక ఒకసారి మళ్ళీ సరిచూసుకోండి.

ఫోనుతో తీసేవాళ్ళకి

పైన చెప్పిన సమయాలు, తిథులు, నేల గురించిన మాటలు ఫోనుకీ అంతే వర్తిస్తాయి. ఫోనులో అన్నిటికంటే ముందు చేయాల్సింది లెన్సు తుడవడం. వేలి జిడ్డు, చెమట అంటుకున్న లెన్సు మీద ప్రతి దీపం నుంచీ పొడవాటి చారలు సాగుతాయి. వాటిని చూసి చాలామంది ఫోను కెమెరా పాడైందనుకుంటారు. మెత్తటి నూలుగుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోతాయి. దోమల క్రీము రాసుకున్న వేళ్ళతో లెన్సు ముట్టుకోవద్దు, అది జిడ్డుగా అంటుకోవడమే కాక కొన్ని రకాల క్రీములు రబ్బరు, ప్లాస్టిక్ భాగాల్ని కూడా తినేస్తాయి.

1ఎక్స్ అని ఉండే ప్రధాన కెమెరానే వాడండి. వెడల్పు కెమెరా, జూమ్ కెమెరాల సెన్సర్లు సాధారణంగా చిన్నవి, రాత్రికి తేలిపోతాయి. ఫోనుని స్టాండుకి బిగించి నైట్ మోడ్ పెడితే చాలా ఫోన్లు తాము కదలడం లేదని గ్రహించి ఎక్స్‌పోజర్ సమయాన్ని తామే పెంచుకుంటాయి. చేత్తో పట్టుకుంటే 2, 3 సెకన్ల దగ్గర ఆగిపోతాయి. దీపం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుగుని మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి. లేకపోతే ఫోను రాత్రిని పగలు చేసేస్తుంది, ఆకాశం బూడిదరంగులోకి తిరుగుతుంది. ఫ్లాష్ ఎప్పుడూ ఆపేసి ఉంచండి. మంచు కురిసే రాత్రి ఫ్లాష్ వేస్తే గాల్లో తుంపర్లు తెల్లటి బుడగల్లా పడతాయి తప్ప ఎదుటి గట్టు వెలగదు.

బల్బుల రంగు, రెపరెప

కొన్ని వీధుల్లో ఇంకా నారింజరంగు సోడియం దీపాలున్నాయి, కొన్నిచోట్ల తెల్లటి ఎల్ఈడీలు. వెలుగు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు: సోడియం సుమారు 2000 కెల్విన్, ఎల్ఈడీ 5000 పైన. రెండూ ఒకే ఫ్రేములో ఉంటే ఆటో వైట్‌బ్యాలెన్స్ (వెలుగు రంగుని కెమెరా తానే సరిదిద్దే పద్ధతి) ఒక్కో ఫోటోకి ఒక్కో రంగు వేస్తుంది. 3500 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టేయండి: ఆకాశం నీలం నిలుస్తుంది, దీపాలు పసుపుగా ఉంటాయి. నూనె దీపాలకైతే 3000. ఇంకా తగ్గిస్తే దీపం వెచ్చదనం పోయి ట్యూబులైటులా తేలుతుంది.

తీర్థాల్లో, పందిళ్ళలో, దుకాణాల ముందు తీసిన ఫోటోల మీద నల్లటి అడ్డచారలు పడుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద వెలిగే చాలా బల్బులు సెకనుకి వందసార్లు మినుకుమంటాయి. షట్టర్ వేగం 1/100, 1/50, 1/25లో ఏదో ఒకటి పెడితే ఆ చారలు చాలావరకు పోతాయి. 1/160, 1/250 పెడితే మళ్ళీ వస్తాయి. మిర్రర్‌లెస్ కెమెరాలో శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంటుంది, అక్కడ దాన్ని వాడొద్దు. అంతర్వేది తీర్థంలో తిరిగే జెయింట్ వీల్ పూర్తి వృత్తంలా రావాలంటే ఐఎస్ఓ 100, ఎఫ్/11, 2 నుంచి 4 సెకన్లు. మధ్య ఇరుసు ఫ్రేములో కదలని ఆనవాలుగా ఉండాలి, లేకపోతే ఏం తీశారో తెలియదు.

కార్తీక దీపాలు

గోదావరి జిల్లాల్లో రాత్రి ఫోటోకి ఇంతకంటే మంచి వస్తువు లేదు. ఎక్కువమంది పాడుచేసేదీ దీన్నే, ఎందుకంటే దూరంగా నిలబడి గుంపు మొత్తాన్ని తీయబోతారు. నూనె దీపం వెలుగు చాలా దగ్గరకే పనిచేస్తుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది: అడుగు దూరంలో వెలిగే చెంప రెండడుగుల దూరంలో సగం చీకట్లోకి పోతుంది. అందుకని దీపం వెలిగించే క్షణం కంటే, అరటిదొప్పని రెండు చేతుల్లోకి తీసుకుని గుండెల దాకా ఎత్తి, నీళ్ళలోకి వంగబోయే ముందు ఆగే క్షణం కోసం కాచుకోవాలి. అప్పుడు దీపం ముఖానికి అడుగున్నర లోపే ఉంటుంది.

ఎఫ్/1.8 లేదా ఎఫ్/2 లెన్సు, 1/100, ఐఎస్ఓ 1600. ముఖం చీకటిగా ఉంటే 3200. స్పాట్ మీటరింగ్ పెట్టి చెంప మీద కొలవండి. మొత్తం ఫ్రేముని కొలిచే పద్ధతిలో నలుపంతా లెక్కలోకి వచ్చి దీపం తెల్లగా పేలిపోతుంది. గాలికి ఒత్తి ఒక్కో క్షణం ఒక్కోలా వెలుగుతుంది కాబట్టి వరసగా ఐదారు తీసి అందులో ఒకటి ఏరుకోండి. మీరు నీళ్ళ వైపు, కింది మెట్టు మీద కూర్చుంటే ముఖం కనిపిస్తుంది. వెనక నిలబడితే కొప్పులు, భుజాలే వస్తాయి. పాచిపట్టిన మెట్టు మీద కెమెరాతో కూర్చునేటప్పుడు జారకుండా చూసుకోండి. ముందు అడగండి: "అమ్మా, మీ దీపం ఫోటో తీసుకోవచ్చా?" వద్దంటే కెమెరా దించేయండి. ఒప్పుకుంటే తీశాక చూపించండి. పూజలో ఉన్నవాళ్ళ ముఖం మీద ఫ్లాష్ వేయడం ఏ లెక్కన చూసినా తప్పు.

దొప్పలు నీళ్ళలోకి వదిలాక రెండు దారులున్నాయి. దీపాలు దీపాల్లా కనిపించాలంటే కెమెరాని నీటికి అడుగెత్తుకి దించి, 1/60, ఎఫ్/2.8, ఐఎస్ఓ 3200. ఆ ఎత్తు నుంచి ప్రతి దీపం కిందా పొడుగాటి వెలుగు జాడ పడుతుంది, నిలబడి తీస్తే ఆ జాడ సగమవుతుంది. దీపాల నడక కావాలంటే ట్రైపాడ్ మీద ఐఎస్ఓ 100, ఎఫ్/8, 4 నుంచి 6 సెకన్లు. ప్రవాహం ఎటు తిప్పితే అటు బంగారు గీతలు పడతాయి. రేవులో నీళ్ళు నిలకడగా ఉన్నచోట గీతలు పొట్టిగా, గజిబిజిగా ఉంటాయి. పాయ లాగే చోటు చూసుకోండి.

పోలి పాడ్యమికి ఒక వెసులుబాటుంది. దీపాలు తెల్లవారుజామునే వదులుతారు. ఆ రోజుల్లో సూర్యోదయం 6:15 ప్రాంతం కాబట్టి నీలం ఘడియ 5:40 నుంచి 6:00 దాకా. అందరికంటే చివర వచ్చినవాళ్ళ దీపాలు ఆ వేళకి ఇంకా తేలుతూ ఉంటాయి. గుంపు తగ్గుతుంది, ఆకాశం నీలం, నీళ్ళు నీలం, మధ్యలో పసుపు. నాలుగింటికి వచ్చి ఐదున్నరకి వెళ్ళిపోయేవాళ్ళకి ఇది దొరకదు.

కార్తీక పౌర్ణమి రాత్రి ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, గునుపూడి లాంటి శివాలయాల్లో జ్వాలాతోరణం చూడబోతే, అది వెలిగేది కొద్ది నిమిషాలే అని గుర్తుపెట్టుకోండి. గడ్డి అంటుకోగానే వెలుగు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. 1/250, ఎఫ్/4, ఐఎస్ఓ 800 ముందే పెట్టేసి ఉండాలి. గాలి వీపుకి తగిలేలా, దూరంగా నిలబడండి. సంక్రాంతి ముందు భోగిమంటకీ ఇదే అమరిక. చుట్టూ కూర్చున్న పిల్లల ముఖాలు కావాలంటే 1/60కి దించండి, మంట తెల్లబడినా ముఖాలు నిలుస్తాయి. గర్భాలయంలో కెమెరా ఎత్తొద్దు. గోపురం బయటినుంచి తీసేటప్పుడు కెమెరాని పైకి వంచితే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. పాలకొల్లు క్షీరారామ గోపురం సుమారు 120 అడుగులు. 24 ఎంఎం లెన్సుతో, ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మంత సెన్సరున్న) కెమెరాని నిలువుగా తిప్పి, వంచకుండా మొత్తం పట్టాలంటే 150 నుంచి 160 అడుగుల దూరం జరగాలి. అంత చోటు లేకపోతే సగం గోపురమే తీయడం మంచిది.

వంతెన మీద రైలు గీత

రాజమండ్రి తూర్పుగట్టు మీద ఉంది, కొవ్వూరు పడమటిగట్టు మీద. సాయంత్రం చివరి వెలుగు పడమట మిగులుతుంది కాబట్టి పొద్దుగుంకాక రాజమండ్రి రేవుల నుంచి, తెల్లవారుజామున కొవ్వూరు గోష్పాద క్షేత్రం వైపు నుంచి తీయాలి. ఇది తారుమారైతే వంతెన వెనక ఆకాశం నల్లగా ఉంటుంది, విల్లుల ఆకారం విడిపడదు.

1997లో వచ్చిన ఆర్చి వంతెనలో 28 విల్లులున్నాయి, ఒక్కోటీ సుమారు 97.5 మీటర్లు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే రైలు సెకనుకి 17 మీటర్ల దాకా కదులుతుంది, అంటే ఒక్కో విల్లుకి ఆరు సెకన్లు. మీ ఫ్రేములో ఐదు విల్లులుంటే ఇంజను ఈ అంచు నుంచి ఆ అంచుకి చేరడానికి 30 సెకన్లు. ఇంజను ఫ్రేములోకి రాగానే షట్టర్ తెరవండి: ఐఎస్ఓ 100, ఎఫ్/11, 30 సెకన్లు. అస్తమయమైన 25, 30 నిమిషాలకి ఇది ఆకాశానికీ సరిగ్గా సరిపోతుంది. ఆ తర్వాత ఎఫ్/5.6, ఐఎస్ఓ 200. కిటికీల వెలుగు విల్లుల మధ్య ఒకే పసుపు గీతగా వస్తుంది. రైలు నెమ్మదిగా వెళ్తే గీత మధ్యలో తెగుతుంది, బల్బ్ మోడ్‌లో రిమోట్ పట్టుకుని చివరి పెట్టె బయటికి పోయేదాకా తెరిచి ఉంచడమే దానికి మందు. గూడ్సు బండికి కిటికీలు ఉండవు కాబట్టి గీత రాదు. టైంటేబుల్ చూసి, నీలం ఘడియలో పడే ఎక్స్‌ప్రెస్ ఏదో ముందే తెలుసుకోండి. ఆ ఇరవై నిమిషాల్లో సాధారణంగా ఒకటో రెండో అవకాశాలే.

వంతెన మీద నిలబడి తీయబోకండి. రైలు, లారీ వెళ్ళినప్పుడు దూలం మొత్తం కంపిస్తుంది, ఎంత మంచి ట్రైపాడ్ అయినా ఆపలేదు. ధవళేశ్వరం బ్యారేజీ మీదా అదే ఇబ్బంది, కాపలావాళ్ళు అభ్యంతరం చెప్పొచ్చు కూడా. రైలు పట్టాల మీదికి వెళ్ళడం నేరం, ప్రాణాలకీ ప్రమాదం. పంటు మీద నుంచి తీస్తే 1/60 కంటే నెమ్మదిగా పెట్టొద్దు.

చంద్రుడు

చంద్రుడి మీద ఎండ పడుతోంది. అందుకే రాత్రి అమరికలతో తీస్తే తెల్లటి బొట్టు తప్ప ఏమీ రాదు. బాగా ఎత్తున ఉన్న పూర్ణచంద్రుడికి ఎఫ్/11, ఐఎస్ఓ 100, 1/100. ఉదయిస్తూ ఎర్రగా ఉన్నప్పుడు 1/15 నుంచి 1/30 దాకా కావాలి. పెద్దగా కనిపించాలంటే జూమ్ కంటే దూరం లెక్క ముఖ్యం: ఏ వస్తువైనా దాని కొలతకి 110 రెట్ల దూరం నుంచి చూస్తే చంద్రుడంతే ఉంటుంది. ఐదు మీటర్ల వెడల్పున్న కొబ్బరిచెట్టు తల వెనక చంద్రుడు సరిగ్గా ఇమడాలంటే 550 మీటర్ల దూరం నుంచి, 400 ఎంఎం లెన్సుతో తీయాలి. లంక అవతలి చెట్టుని ఇవతలి గట్టు నుంచి తీయడం ఇందుకు బాగా కుదురుతుంది.

అంతర్వేది వైపు తీరం దక్షిణ ఆగ్నేయానికి చూస్తుంది. వేసవి పౌర్ణముల్లో చంద్రుడు తూర్పుకి దక్షిణంగా, సముద్రం మీంచి లేస్తాడు. చలికాలంలో తూర్పుకి ఉత్తరంగా, తీరం చివర సరుగుడు తోటల వైపు నుంచి వస్తాడు. రాజమండ్రిలో నది మీద చంద్రుడు కావాలంటే పౌర్ణమి మర్నాడు తెల్లవారుజామునే రేవుకి వెళ్ళండి, సూర్యోదయం వేళకి ఆయన పడమట నీళ్ళ మీదికి దిగుతూ ఉంటాడు.

నక్షత్రాలు, పాలపుంత

తీరం వెంబడి దక్షిణాన ఊళ్ళు లేవు, సముద్రమే. పాలపుంత మధ్యభాగం మనకి దక్షిణానే, గరిష్ఠంగా 45 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది, కాబట్టి తీరం మంచి చోటు. ఫిబ్రవరి రెండో సగంలో ఉదయం 4 నుంచి 5 మధ్య ఆగ్నేయంలో, మే నెలలో అర్ధరాత్రి దాటాక నడినెత్తికి దక్షిణంగా, అక్టోబరులో రాత్రి 7 నుంచి 8:30 మధ్య నైరుతిలో కనిపిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులే. ఫిబ్రవరి, మార్చి అన్నిటికంటే నమ్మకం. చేపల, రొయ్యల చెరువుల లైట్లు, చమురు బావుల దగ్గర మండే గ్యాసు మంట ఉన్న దిక్కుని తప్పించండి.

భూమి తిరుగుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఎక్కువైతే చుక్కలు గీతలవుతాయి. 500ని ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీద ఎంఎంలో రాసి ఉండే అంకె) భాగిస్తే వచ్చేదే గరిష్ఠ సెకన్లు: 24 ఎంఎంకి 20. చిన్న సెన్సరు కెమెరాలో 18 ఎంఎంని ముందు 1.5తో గుణించాలి, అప్పుడు 18 సెకన్లు. ఎఫ్/2.8, ఐఎస్ఓ 3200. ఒకే చోట వరసగా 16 ఫోటోలు తీసి సీక్వేటర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలిపితే గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు, నాయిస్ అన్నా అదే) నాలుగో వంతుకి తగ్గుతుంది.

చుక్కల వలయాలు కావాలంటే ఉత్తరానికి తిప్పండి. ధ్రువ నక్షత్రం మనకి 16, 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, చేయి చాపి పిడికిలి పడితే ఒకటిన్నర పిడికిళ్ళు. అంత కిందున్న వలయ కేంద్రాన్ని గుడి శిఖరం మీదికో కొబ్బరిచెట్టు మీదికో సులువుగా తెచ్చుకోవచ్చు. 30 సెకన్ల ఫోటోలు 120, మధ్యలో ఒక సెకను విరామం. గంటలో 15 డిగ్రీల వంపు పడుతుంది. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపకపోతే ప్రతి ఫోటో తర్వాత మరో 30 సెకన్లు ఆగిపోయి గీతలు చుక్కచుక్కలుగా తెగుతాయి.

తేమ

డిసెంబరు, జనవరి రాత్రుల్లో పదకొండు దాటితే లెన్సు అద్దం మీద మంచు పడుతుంది. చుక్కలు క్రమంగా మెత్తబడి, ఒక ఇరవై ఫోటోల తర్వాత అన్నీ పొగచూరినట్టుంటే అదే కారణం. తుడిస్తే నిమిషంలో మళ్ళీ వస్తుంది. అద్దం చుట్టుపక్కల గాలి కంటే రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉండాలి: పవర్‌బ్యాంకుతో నడిచే లెన్స్ హీటర్ పట్టీని లెన్సు చివర చుట్టండి. హుడ్ తొడిగితే మంచు కాస్త ఆలస్యమవుతుంది. ఏసీ కారులోంచి, ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా బయటికి తీస్తే ఏ కాలంలోనైనా ఆవిరి పడుతుంది. దిగడానికి అరగంట ముందే ఏసీ ఆపేయండి, లేదా కెమెరాని జిప్పు కవర్లో పెట్టి, బయటి వేడికి వచ్చేదాకా కవరు తెరవొద్దు.

సముద్రం దగ్గర నుంచి వచ్చాక ఉప్పు తుంపర మీద పొడిగుడ్డ రుద్దితే గీతలు పడతాయి. ముందు మంచినీటితో తడిపి పిండిన గుడ్డ, తర్వాత పొడిది. ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా చాపి మంచినీళ్ళతో కడిగి, తలకిందులుగా ఆరబెట్టండి.

గోదావరి జిల్లాల గాలిలో లెన్సుకి బూజు పట్టడం అతి మామూలు. బ్యాగులో పెట్టి బీరువాలో దాచడం బూజుకి అనువైన పద్ధతి. గాలి చొరబడని మూతడబ్బాలో 200 గ్రాముల సిలికా జెల్, ఒక చిన్న తేమమీటరు పెట్టి, తేమని 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. బియ్యం వద్దు, దాని పొడి లెన్సు రింగుల్లోకి పోతుంది. రంగు మారిన జెల్‌ని 110, 120 డిగ్రీల వేడిలో ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. నీలంరంగు రకంలో విషపదార్థం ఉంటుంది కాబట్టి దాన్ని వంటగిన్నెల్లో వేడిచేయకుండా విడిగా ఒక పాత రేకు పళ్ళెం పెట్టుకోండి. ఆరు నెలలకి ఒకసారి లెన్సుని టార్చికి అడ్డంగా పట్టి లోపలికి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే వెంటనే విప్పి శుభ్రం చేసేవాళ్ళకి ఇవ్వాలి, పోగులు అద్దం పూతని తినేశాక కడిగినా మచ్చ పోదు.